కడగకుండా తెచ్చిన కుక్క

ఆసుపత్రి గోడకు ఒక బోర్డు తగిలించడానికి నాకు అరగంట పట్టింది. ఆ బోర్డు వల్ల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. పశువైద్య వృత్తిలోకి కొత్తగా అడుగుపెడుతున్న వారి కోసం ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకోవలసినది చాలా తక్కువ. అయినా చివరిదాకా చదవండి. ఒక కుక్క బతికింది.

నెల్లూరు నుంచి మైపాడు వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పశువుల ఆసుపత్రి నా ఆఖరి పోస్టింగు. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. కుక్కల పేర్లు మాత్రం రాస్తాను. వాటి తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పరని నమ్మకం.

నేను చేరిన కొత్తలో అక్కడికి గేదెలు, గొర్రెలు ఎక్కువగా వచ్చేవి. కృష్ణపట్నం రేవులో ఉద్యోగాలు దొరికిన ఇళ్ళవాళ్ళు జాతికుక్కలను కొనడంతో కుక్కల సంఖ్య పెరిగింది. చేపల పల్లెల్లో నాటుకుక్కలు ఎప్పటి నుంచో ఉన్నవే. చలి అంటే ఏమిటో సరిగా తెలియని తీరం అది. ఉక్క, ఉప్పుగాలి, ఎండుచేపల వాసన పన్నెండు నెలలూ ఉంటాయి. పుస్తకాలలో పిడుదులని రాసే, రక్తం తాగే పురుగులు, అక్కడి వారు గోమార్లని పిలిచేవి, వాటికీ అక్కడ సెలవు కాలం లేదు.

చేరిన మొదటి వారంలోనే ఒక పెద్ద జాతికుక్క నా బల్ల మీద నిలబడి ఒళ్ళు విదిలించింది. మరునాటి ఉదయం గోమార్లు మందుల బీరువా వెనక నుంచి బయలుదేరి గోడ మీద బారులు తీరి ఉన్నాయి. నాకు క్రమమంటే ప్రాణం. బల్ల మీద రిజిస్టరు ఒక అంగుళం పక్కకు జరిగినా సర్దేవాణ్ణి. వెంటనే బోర్డు రాయించాను: ‘గోమార్లు తీసి, శుభ్రముగా కడిగిన కుక్కలను మాత్రమే లోనికి తేవలెను.’ కింద నా హోదా.

ఆ ఆజ్ఞను అమలు చేసే బాధ్యత మా అటెండరు తీసుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసు ఉన్న మనిషి. ఆదివారం తన ఊరి చర్చిలో సంఘపెద్ద. ఆరాధనకు ఆలస్యంగా వచ్చిన వాళ్ళను వెనక వరుసకు పంపడం ఆయనకు అక్కడ అలవాటైన పని. మిగతా ఆరు రోజులూ అదే పట్టుదలతో మా గేటు దగ్గర నిలబడేవాడు.

కుక్కలు మెరుస్తూ రాసాగాయి. ఉప్పునీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి, బట్టల సబ్బుతో రుద్ది, చెవుల్లో పసుపు పెట్టి పెళ్ళిచూపులకు తెచ్చినట్టు తెచ్చేవారు. నా రిజిస్టరులో ‘బాహ్య పరాన్నజీవులు’ అని ఒక గడి ఉండేది. అందులో ప్రతి కుక్కకూ ఎదురుగా గుండ్రని అక్షరాలతో ‘లేవు’ అని రాసేవాణ్ణి. ఒక పేజీలో వరసగా ఇరవై ‘లేవు’లు కనిపిస్తే నాకు కలిగే తృప్తి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండో ఏడు వానలు వెనకబట్టిన తరవాత ఒక జబ్బు మొదలైంది. ఒళ్ళు కాలిపోయే జ్వరం, తిండి మానడం, కళ్ళు పచ్చబడడం, మూత్రం కాఫీ డికాషను రంగులోకి మారడం. నేను ఆలోచించిన తీరు చెబుతాను. తప్పు ఎంత పద్ధతిగా జరిగిందో గమనించండి. వాన నీరు నిలిచింది. ఎండుచేపల దిబ్బల దగ్గర ఎలుకలు ఉన్నాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల కుక్కలకు కామెర్లు వస్తాయి. గోమార్ల వల్ల వచ్చే రక్తపు జబ్బు కూడా ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. కానీ గోమార్లు లేవు కదా. గడిలో నేనే రాశాను కదా. కాబట్టి మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీయవలసిన అవసరం నాకు కనిపించలేదు. కామెర్లని రాసి పెన్సిలిన్ ఇస్తూ వచ్చాను. కొన్ని కుక్కలు వాటంతట అవే కోలుకున్నాయి. ఆ ఘనత నేను తీసుకున్నాను. కొన్ని పోయాయి, ఆ నింద ఎలుకల మీద వేశాను.

అలా పోయిన వాటిలో టైగర్ ఒకటి.

టైగరును తెచ్చినది పక్క పల్లె నుంచి వచ్చే ఒకామె. నలభై దాటి ఉంటాయి. తెల్లవారుజామున రేవులో చేపలు వేలం పాడుకుని, ఆటోలో వేసుకుని నెల్లూరు వీధుల్లో అమ్మి, మధ్యాహ్నానికి ఇల్లు చేరే మనిషి. భర్త ఒకప్పుడు సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి, మాట కూడా కొంత పోయాయి. ఉదయమంతా ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. ఆయన మంచం మీద నుంచి జారినా, పొయ్యి వైపు పాకినా టైగర్ వాకిట్లోకి వచ్చి, ఎవరో ఒకరు కదిలేదాకా మొరిగేది. దాన్ని చూసి చూసి దాని కూతురు జిమ్మి కూడా ఆ విద్య నేర్చిందట. ఆ ఇంట్లో అవి కాపలా కుక్కలు కావు, పనిమనుషుల కంటే ఎక్కువ.

‘‘ఇది లేకపోతే నేను గడప దాటలేను సారూ’’ అన్నది ఆమె టైగరును బల్ల మీద పెడుతూ. దాని ఒంటి నుంచి సబ్బు వాసన వస్తోంది. పళ్ళ చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. నేను రాశాను: గోమార్లు, లేవు. జబ్బు, కామెర్లు. సూది వేసి, మరునాడు, ఆ మరునాడు రమ్మన్నాను.

మూడో రోజు ఆమె ఒంటరిగా వచ్చింది. గుమ్మం బయటే ఆగిపోయింది.

‘‘పోయింది సారూ’’ అన్నది. నేను ఎలుకల గురించి చెప్పబోయాను. వినకుండానే ఆటో ఎక్కింది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం గేటు దగ్గర గొడవ వినిపించింది. నా గది కిటికీ ఇసుక పడుతుందని ఎప్పుడూ మూసి ఉంచేవాణ్ణి. అందువల్ల ముందు గొంతులే విన్నాను.

‘‘మేయ్ అక్కా, ఆగు. బోర్డు చదువు.’’

‘‘నాకు చదువు రాదు.’’

‘‘పోయిన తూరి వచ్చిందే!’’

‘‘పోయిన తూరి నీ మాట విన్నా. ఇప్పుడు విననన్నా. తప్పుకో.’’

‘‘నేను తప్పుకుంటే సారు నన్ను తప్పిస్తాడు. ఆ బాదంచెట్టు కింద కూర్చో, చిప్ప ఉండాది, రెండు నిమిషాల పని.’’

నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె ఎదురుగా నిలబడి ఉంది. రెండు చేతుల మీద జిమ్మి. తల వేలాడుతోంది. వెంట్రుకల నిండా ఇసుక, చేప పొలుసులు.

‘‘కడిగి తీసుకురావాలని తెలియదా అమ్మా?’’ అన్నాను. ఆ గొంతు ఎలాంటిదో నా దగ్గర పనిచేసిన వాళ్ళకు తెలుసు.

‘‘తెలుసు సారూ. పోయిన తూరి మీరు చెప్పినట్టే కడిగి తెచ్చినా. ఒక్క గోమారు లేకుండా ఏరి తెచ్చినా. సచ్చిపోయింది. ఈ తూరి కడగను. కడిగేలోపు ఇది కూడా పోతాది. ఇంటికాడ ఆయన ఒక్కడే ఉన్నాడు. చూస్తే చూడండి, లేకుంటే నెల్లూరుకి పోతా.’’

నాకు కోపం వచ్చిన మాట దాచను. అంతకు ముందు కడగని కుక్కలను వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఆ రోజు కూడా పంపేవాణ్ణేమో. కానీ ఆమె నా అనుమతి కోసం ఆగలేదు. నన్ను దాటి లోపలికి వెళ్ళి జిమ్మిని బల్ల మీద, తెరిచి ఉన్న రిజిస్టరు పక్కన పడుకోబెట్టింది. దాని చెవి రిజిస్టరు మీదికి వాలింది. ఆ చెవిలో నుంచి ఆముదం గింజంత గోమారు ఒకటి జారి, పేజీ మీద పడి, కాళ్ళు కూడదీసుకుని నడవసాగింది. వరసగా రాసిన ‘లేవు’ల మీదుగా నడిచింది.

చాలాసేపు చూశాను. తరవాత చెవి మడత విప్పాను. వేళ్ళ సందులు చూశాను, మెడ కింద చూశాను. లెక్కపెట్టడం అనవసరమనిపించింది.

‘‘టైగరుకు కూడా ఇలాగే ఉండేవా?’’ అని అడిగాను.

‘‘ఇంతకంటే ఎక్కువ సారూ. పొద్దుటి నుంచి కూర్చుని ఏరినా. మిగిలినవి ఈ అన్న ఏరినాడు.’’

అటెండరు వైపు తిరిగాను. ‘‘ఏరినవి ఏం చేస్తున్నావు?’’

‘‘చిప్పలో ఏస్తున్నా సార్. కిరసనాయిలు పోసి పెట్టినా.’’

‘‘చూపించు.’’

గేటు పక్కన, ప్రహరీ గోడను ఆనుకుని ఒక బాదంచెట్టు ఉంది. రెండేళ్ళుగా ప్రతి ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి నా మోటారు సైకిలు దాని పక్క నుంచే లోపలికి వచ్చేది. ఒక్కనాడూ అటు తల తిప్పలేదు. చెట్టు మొదట్లో వరసగా మూడు కొబ్బరి చిప్పలు ఇటుకల మధ్య కదలకుండా అమర్చి ఉన్నాయి. మా అటెండరు ఏ పని చేసినా నీటుగా చేస్తాడు. మూడింటిలోనూ గోమార్లు నిండుగా ఉన్నాయి. కుక్కల జబ్బుకు కారణమంతా నా గేటుకు పది అడుగుల దూరంలో, చిప్పల్లో పోసి ఉంది.

‘‘ఇన్ని ఉన్నాయని నాతో ఒక్కమాట చెప్పలేదేమయ్యా?’’

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. ‘‘గోమార్లు లోపలికి రాకూడదని మీరే గదా సార్ చెప్పినారు. ఈ రెండేళ్ళలో ఒక్కటన్నా రానిచ్చినానా?’’

 రానివ్వలేదు. ఆయన తన పని నూటికి నూరుపాళ్ళు చేశాడు.

లోపలికి వెళ్ళి మైక్రోస్కోపు మీద గుడ్డ తీశాను. చెవి కొస నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పలుచగా పరిచి రంగు వేశాను. జబ్బు చేసే పరాన్నజీవి కాలి సిరలో కంటే చెవి కొసలోని సన్నని నాళాలలో సులభంగా దొరుకుతుంది. ఇది నేను కాలేజీలో చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. రంగు పట్టేదాకా ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీ చూపిస్తే చీర మురికిగా ఉందని కూర్చోలేదు. ఆ గదిలో నా పేరుకు ఉన్న ఖ్యాతి అలాంటిది.

మైక్రోస్కోపు అద్దంలో చూశాను. ఎర్రకణాల లోపల చిన్న చిన్న కన్నీటి బొట్ల ఆకారంలో, కొసలు కలుపుకుని జంటలుగా కూర్చుని ఉన్నాయి. వెతకవలసిన పని లేకపోయింది. గోమార్లు కరిచి లోపలికి పంపే జీవులు అవి. రక్తకణాలలో చేరి వాటిని పగలగొడతాయి. పగిలిన రక్తమే మూత్రంలో డికాషను రంగై వస్తుంది. పెన్సిలిన్ వాటిని ఏమీ చెయ్యలేదు.

‘‘నేను చూడొచ్చా సారూ?’’ అన్నది ఆమె. జరిగి చోటిచ్చాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

‘‘టైగర్ని తినింది ఇవేనా?’’

‘ఉండవచ్చు’ అనబోయాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆ మాటను నాలుక మీద పెట్టింది. ‘‘ఇవే’’ అన్నాను. ‘‘ఆ రోజు నేను రక్తం చూడలేదు. చూసి ఉండవలసింది. తప్పు నాది.’’

అటెండరు తల దించుకున్నాడు. ఆయన ముందు నేను అలాంటి మాట అనడం అదే మొదటిసారి. ఆమె జిమ్మి తల నిమిరింది.

‘‘సరే సారూ. ఇప్పుడు దీనికి మందుండాదా, లేదా?’’

ఉంది. గేదెలకు వచ్చే ఇలాంటి రక్తపు జబ్బులకు వాడే మందు మా బీరువాలోనే ఉంది. కానీ కుక్కలకు ఆ మందు కత్తి మీద నడక. తక్కువైతే పని చెయ్యదు. కొంచెం ఎక్కువైతే మెదడుకు ప్రమాదం. కుక్క బరువు కచ్చితంగా తెలియాలి. అంతవరకు నేను కుక్కల బరువు కంటితో అంచనా వేసేవాణ్ణి. ఆ రోజు నా కంటి మీద నాకు నమ్మకం పోయింది. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాను.

ఆమె బయటికి వెళ్ళి ఆటోలో నుంచి వేలాడే కాటా, చేపల గంప తెచ్చింది. మొదట ఖాళీ గంప తూచింది. తరవాత జిమ్మిని అందులో ముడుచుకుని పడుకోబెట్టి, కాటా కొక్కేనికి తగిలించి, కాటా పై కొసను అటెండరు చేత పట్టించింది. ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసింది.

‘‘గంప పోను పదకొండు కిలోల మున్నూరు గ్రాములు. రాసుకోండి సారూ. డాక్టర్లు తప్పుతారేమో గానీ తూకంలో నేను తప్పను.’’

అటెండరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేను రాసుకున్నాను. లెక్క రెండుసార్లు కట్టి, సిరంజిలో మందు తీసి, వెలుతురుకు పట్టి చూసి, తొడ కండలోకి ఇచ్చాను. 

సాయంత్రం దాకా కుక్కను కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో ఆయన ఒంటరిగా ఉన్నాడు, ఆమె ఆగలేదు. రోగులను ఆసుపత్రిలో ఉంచరాదన్నది నేను పెట్టిన మరో నియమం. అది ఆ రోజే రద్దయింది. జిమ్మి మందుల గదిలో గోనెపట్టా మీద పడుకుంది. అటెండరు దాని పక్కన స్టూలు వేసుకుని, ఎవరూ చెప్పకుండానే, మిగిలిన గోమార్లు ఏరడం మొదలుపెట్టాడు. ఈసారి చిప్పను ముందుగా నా బల్ల మీదికి తెచ్చి చూపించాడు.

‘‘ఇవి లోపలివి సార్’’ అన్నాడు గంభీరంగా.

మొదటి రోజు మార్పు లేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అటెండరు దాన్ని తన సైకిలు మీద గంపలో పెట్టుకుని తీసుకెళ్ళి, పొద్దున్నే మళ్ళీ తెచ్చాడు. రెండో రోజు నీళ్ళు తాగింది. మూడో రోజు మూత్రం రంగు తేలికపడింది, జ్వరం దిగింది. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద ఆటో హారను వినిపించింది. అది వరకు తల ఎత్తలేని కుక్క ముందుకాళ్ళ మీద లేచి, తూలి, మళ్ళీ లేచి గుమ్మం దాకా నడిచింది. ఆమె సత్తు గిన్నెలో చేపతల పులుసు కలిపిన అన్నం తెచ్చింది. అంత కారం పెట్టకూడదని చెప్పాను.

‘‘దీనికి అలవాటే సారూ. మీకు కూడా తెచ్చినా, వేరే గిన్నెలో’’ అన్నది.

తిన్నాను. కారం నిజంగానే ఎక్కువగా ఉంది.

ఆ వారంలో పాత రిజిస్టర్లు దించాను. నేను రాసిన ప్రతి ‘లేవు’ పక్కన ఎర్రసిరాతో ‘చూడలేదు’ అని రాశాను. ఎందుకు సార్ ఈ శ్రమ, అన్నాడు అటెండరు. లేకపోవడం వేరు, చూడకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గడిలో కలిపి రాసినందువల్ల కుక్కలు పోయాయి. కొత్తగా వచ్చే మీరు మిగతాది మరిచిపోయినా ఈ ఒక్క గడి జ్ఞాపకం పెట్టుకోండి.

తరవాత ఇద్దరం ఆ పల్లెకు వెళ్ళాము. గోమార్లు కుక్క మీద కంటే ఇంట్లోనే ఎక్కువ ఉంటాయి: గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ సందుల్లో, మూలన పోసిన పాత వలల కింద. మందు కొట్టించాము. జ్వరం వచ్చిన ప్రతి కుక్క చెవి కొస నుంచి రక్తం చూశాము. ఆ ఏడు అదే మందుతో చాలా కుక్కలు నిలబడ్డాయి. పాత బోర్డు దించి కొత్తది రాయించాను: ‘కుక్కలను కడగకుండా తేవలెను.’ కింద నా హోదా. దాన్ని చూసి చాలా సంతోషించాను.

నాలుగు నెలలు పోయాయి. ఒక రోజు ఆమె మళ్ళీ ఒంటరిగా వచ్చింది. గుమ్మం బయటే ఆగింది. టైగర్ పోయిన రోజు సరిగ్గా అక్కడే నిలబడింది. 

‘‘జిమ్మి ఎలా ఉంది?’’

‘‘దానికేం సారూ, బ్రహ్మాండంగా ఉండాది. నిన్న మా ఆయన పొయ్యి కాడ పడినాడు. ఇది వాకిట్లోకొచ్చి అరిచి అరిచి, ఎవరూ రాలేదని పక్కింటామె కొంగు పట్టి ఈడ్చుకొచ్చింది. చెయ్యి కొంచెం కాలింది, అంతే. మనిషి దక్కినాడు.’’

‘‘మరి నువ్వు బయటే నిలబడ్డావేమమ్మా?’’

 ‘‘ఒక మాట అడుగుదామని వచ్చినా. మా ఆయన నోరు తిరక్కపోయినా పోరు పెడతా ఉన్నాడు. నాలుగు నెలలైంది సారూ. కంపు కొడతా ఉంది. పల్లెలో అందరి కుక్కలూ అంతే. మందు పూస్తా ఉన్నాం, గోమార్లు ఏరతా ఉన్నాం గానీ నీళ్ళు పొయ్యలా. మీ బోర్డు చూసి భయం. జిమ్మిని ఎప్పుడు కడగొచ్చు?’’

బయట అటెండరు మళ్ళీ దగ్గాడు.

‘‘ఈ రోజే కడగమ్మా’’ అన్నాను. ‘‘పల్లెలో అందరికీ చెప్పు.’’

ఆ సాయంత్రం బోర్డు దించేశాము. మూడోది రాయించలేదు. ఉద్యోగ విరమణ రోజు దాకా ప్రతి ఉదయం మోటారు సైకిలు గేటు బయటే ఆపి, ముందుగా బాదంచెట్టు కింద నిలబడి, వచ్చిన కుక్కల చెవులు చూసేవాణ్ణి.

మా అటెండరు అక్కడ నాకొక స్టూలు వేయించాడు. అది ఒక అంగుళం పక్కకు జరిగినా ఆయన సర్దేవాడు.